స్కార్ల్‌బీ తోటలో తుంచిన కొమ్మ

స్కార్ల్‌బీ,
12 మే 1991

వదినా,

నీ ఉత్తరం అందింది. మోకాలి నొప్పి తగ్గిందని రాశావు, సంతోషం. నువ్వు ఫోన్ ఎత్తవు, ఎత్తినా "ఏంటీ, ఏంటీ" అని అరుస్తావు కాబట్టి నేను కూడా కలమే పట్టుకున్నాను.

స్కార్ల్‌బీ హాల్ ఈస్టర్‌కి మళ్ళీ తలుపులు తెరిచింది, పాత దొరల భవంతిని చూడ్డానికి జనం వస్తున్నారు. ఈ ఏడు నన్ను మేడమీది పడగ్గదుల కాపలా నుంచి తప్పించి కింద పసుపు డ్రాయింగ్ రూములో వేశారు. ఇది చిన్న విషయం అనుకోకు. మిసెస్ హారోబీ తనకు నచ్చినవాళ్ళను తప్ప ఆ గదిలో కూర్చోబెట్టదు. ఆవిడ మా వాలంటీర్లందరికీ పెద్ద, భర్త సైన్యంలో కర్నలుగా చేశాడు. ఇప్పుడు నన్ను సిబిల్ అని పేరు పెట్టి పిలుస్తోంది. జెఫ్రీ బ్యాంకులో అన్నేళ్ళు మేనేజరుగా చేసినా రాని మర్యాద నాకు ఈ గదిలో దొరికిందని అంటే, ఆయన పేపరు వెనక నుంచి "ఊఁ" అన్నారు.

పట్టు కుర్చీల మీద ఎవరూ కూర్చోకుండా ఒక్కో దాని మీద ఒక ఎండిన ముళ్ళకాయ పెడతాము. "కూర్చోవద్దు" అని బోర్డు పెడితే మొరటుగా ఉంటుంది. ముళ్ళకాయ చూస్తే ఎవరికి వాళ్ళే అర్థం చేసుకుంటారు. ఇక్కడ అన్నీ అలాగే నడుస్తాయి, ఎవరూ ఎవరినీ ఏమీ అనరు.

నువ్వు ఒకసారి రావాలి వదినా. తోటంతా తిప్పి చూపిస్తాను. మొక్కలు పెంచే గాజు ఇంట్లో నిమ్మవాసన వచ్చే ఆకుల జెరేనియం ఈ ఏడు కిటికీ దాకా పెరిగింది. తోటమాలి ఇస్తే నీకు ఏటా కొమ్మ పంపేది ఆ మొక్క నుంచే. వస్తే నీ చేత్తో నువ్వే కావలసినన్ని తుంచుకో. నేను ఉన్నాను కదా, నిన్ను ఎవరూ ఏమీ అనరు.

నీ ఆడపడుచు,
సిబిల్

*

గ్రిమ్స్‌బీ,
19 మే

సిబిల్ దొరసానిగారికి,

పసుపు గది దాకా ఎక్కావన్నమాట. కర్నలుగారి భార్య పేరు పెట్టి పిలిచిందని రాశావు. నేను నిన్ను నలభై ఏళ్ళుగా పేరు పెట్టే పిలుస్తున్నాను, ఒక్కసారైనా ఉత్తరంలో రాసుకున్నావా?

నువ్వు ఇక్కడికి రాకపోయినా నేనే వస్తున్నాను. మా చర్చి ఆడవాళ్ళ విహారయాత్ర జూన్ పదమూడున. ఎక్కడికి పోదామని మిసెస్ టప్లిన్ అడిగితే స్కార్ల్‌బీ అన్నాను. మా ఆడపడుచు అక్కడ ఉంటుంది, అన్నీ దగ్గరుండి చూపిస్తుంది అని గొప్పలు పోయాను. వాళ్ళలో సగం మంది నువ్వు జడలు వేసుకుని తిరిగినప్పటి నుంచి నిన్ను ఎరిగినవాళ్ళే. బస్సు నిండిపోయింది.

నువ్వు పోయినేడు పంపిన కొమ్మ మొన్న చలికి చచ్చింది. మీ అన్నయ్య క్లిఫ్‌కు ఆ వాసన ఎంత ఇష్టమో నీకు తెలుసు. చేపల ఓడ దిగి వచ్చి ముందు ఆ ఆకు నలిపి చేతులకు రాసుకునేవాడు. ఆయన పోయాక కూడా వంటింటి కిటికీలో అది లేకపోతే నాకు తోచదు. నువ్వు చెప్పావుగా, ఈసారి నేనే తుంచుకుంటాను.

అల్లం కేకు తెస్తాను. జెఫ్రీని మొత్తం తినేయకుండా చూసుకో.

ఓలివ్

*

స్కార్ల్‌బీ,
25 మే

వదినా,

పదమూడున నేను డ్యూటీలోనే ఉంటాను. నీకు గది చూపించగలను కానీ తోటంతా తిప్పడం కుదురుతుందో లేదో. మీ వాళ్ళు తెచ్చుకున్న తిండి కార్లు, బస్సులు నిలిపే చోటే తినేసి రావాలని మిసెస్ టప్లిన్‌కు చెప్పు. పచ్చిక మీద గుడ్డ పరిచి కూర్చుంటే ఇక్కడ బాగుండదు.

ఇంకో మాట. నవ్వకు. అన్నయ్య ఏం చేసేవాడని మిసెస్ హారోబీ ఒకసారి అడిగితే ఓడల వ్యాపారంలో ఉండేవాడని చెప్పాను. అబద్ధమేమీ కాదు కదా, ఓడల మీదే ఉండేవాడు. ఎవరైనా అడిగితే నువ్వూ ఆ మాటే అను. నీ నీలం కోటు వేసుకుని రా, అది నీకు నప్పుతుంది.

సిబిల్

*

గ్రిమ్స్‌బీ,
15 జూన్

సిబిల్,

క్షేమంగా ఇల్లు చేరాము. నీ గది బాగుంది. తోట ఇంకా బాగుంది. ఆ పొడుగాటి పూలబాటలో నడుస్తుంటే మోకాలే గుర్తు రాలేదు.

జరిగినదాని గురించి నువ్వేమీ బాధపడొద్దని చెప్పడానికే ఇది రాస్తున్నాను. నీ గదికి వచ్చినప్పుడు లోపల జనం మూగి ఉన్నారు. గుమ్మంలోంచి చెయ్యి ఊపాను, నువ్వు చూడలేదు. సరే నీ పని నువ్వు చేసుకుంటున్నావని గాజు ఇంటికి పోయి ఒక కొమ్మ తుంచాను. చిన్నదే. తడి రుమాలులో చుట్టి సంచిలో పెడుతుంటే తోటమాలి చూశాడు. మంచివాడే, అరవలేదు. సంచి తెరవమన్నాడు, అంతే. కానీ అది టీ హోటల్ ఎదురుగా. మా వాళ్ళంతా చేతుల్లో కప్పులతో నిలబడి చూస్తున్నారు.

"మా ఆడపడుచు ఇక్కడే పని చేస్తుంది, తుంచుకోమన్నది ఆవిడే, కావాలంటే అడుగు" అన్నాను. అప్పుడే నువ్వు ఆ పొడుగాటి ఆవిడతో కలిసి బయటికి వచ్చావు. అతను నిన్ను అడిగాడు. "ఈవిడెవరో నాకు తెలీదు, బస్సులో వచ్చినవాళ్ళనుకుంటా" అన్నావు.

తర్వాత తట్టింది. డ్యూటీలో ఉన్నప్పుడు సొంతవాళ్ళను పలకరించకూడదని మీకు రూల్ ఉండి ఉంటుంది. అంత పెద్ద చోట అలాంటివి ఉంటాయి. బస్సులో అందరూ "అది క్లిఫ్ చెల్లెలు కాదూ?" అని మొదలెడితే అదే చెప్పాను. రూలంటే రూలే మరి అన్నారు. టప్లిన్ అయితే నిన్ను మెచ్చుకుంది.

కేకు తిరిగి తెచ్చేశాను. బస్సు డ్రైవరు తిన్నాడు.

ఓలివ్

*

స్కార్ల్‌బీ,
18 జూన్

వదినా,

నువ్వు ఎంత అర్థం చేసుకున్నావు! అవును, ఆ రూల్ చాలా గట్టిది. ముందే నీకు రాసి ఉండాల్సింది, మరిచిపోయాను. గుర్తుపడితే మనవాళ్ళకు ఏదో మినహాయింపు ఇచ్చామని మాట వస్తుందని అలా పెట్టారు. నాకు లోపల ఎంత కష్టంగా ఉందో నీకెలా చెప్పను. ఆ సాయంత్రం ఇంటికి వచ్చి భోజనం కూడా చేయలేదు, జెఫ్రీని అడుగు.

ఇక్కడ వానలు. గులాబీలు మొగ్గలోనే కుళ్ళిపోతున్నాయి. డ్రాయింగ్ రూములో కొత్తగా ఒక తెర కుట్టిస్తున్నారు, దాని రంగు గురించి రెండు వర్గాలు అయ్యాయి. నేను ఏ వర్గంలోనూ లేను.

మీ వాళ్ళందరికీ నా నమస్కారాలు చెప్పు.

సిబిల్

*

గ్రిమ్స్‌బీ,
30 జూన్

సిబిల్,

తెరలో ఏ రంగు గెలిచిందో రాయలేదు.

నిన్నొక సాయం అడగాలి. అడగడానికి నాకు మొహమాటంగా ఉంది, అందుకే రెండు ఉత్తరాలు రాసి చింపేశాను. నువ్వు రూల్ వల్ల మాట్లాడలేదని మావాళ్ళు ఒప్పుకున్నారు. కానీ కొమ్మ సంగతి అలాగే మిగిలింది. నువ్వు తుంచుకోమన్నావని నేను చెప్పిన మాటకు సాక్ష్యం ఎవరూ లేరు. చర్చిలో పూలు అమర్చే వంతు ఇన్నేళ్ళుగా నాది. పోయిన ఆదివారం వెళ్ళేసరికి నా చోట ఇంకొకావిడ పూలు అమరుస్తోంది. ఎందుకని అడిగితే, నీకు మోకాలు నొప్పిగా ఉంది కదా ఓలివ్, కొన్నాళ్ళు విశ్రాంతి తీసుకో అన్నారు. నా మోకాలి మీద వాళ్ళకు ఇంతకు ముందు ఎప్పుడూ జాలి లేదు. నిన్న కొట్లో నా ముందున్నావిడ వెనక్కి చూసి తన సంచి ఆ చేతి నుంచి ఈ చేతికి మార్చుకుంది. నేను నవ్వి ఊరుకున్నాను. ఇంటికొచ్చాక నవ్వు రాలేదు.

సెప్టెంబరులో మళ్ళీ బస్సు వేద్దామని టప్లిన్ అంటోంది. నీకు డ్యూటీ లేని రోజు చూసి రాయి. నువ్వు బస్సు దగ్గరికి వచ్చి, వాళ్ళందరి ముందు ఒక్క మాట చెప్తే చాలు. కొమ్మ తుంచుకోమని వదినకు నేనే చెప్పాను అని. అంతకంటే ఏమీ వద్దు.

ఓలివ్

*

స్కార్ల్‌బీ,
6 జూలై

వదినా,

చర్చివాళ్ళు అలా చేయడం చాలా అన్యాయం. ఊళ్ళో మనుషులకు పని లేక ఇలాంటివి పట్టుకుంటారు. నాలుగు రోజులు పోతే వాళ్ళే మరిచిపోతారు, నువ్వు పట్టించుకోకు.

సెప్టెంబరు మాత్రం కష్టం. గాజు ఇల్లు మరమ్మతులో ఉంటుంది, తోటలో కూడా సగం మూసేస్తారని విన్నాను. పైగా డ్యూటీ లేని రోజు నేను అక్కడ కనబడితే రకరకాలుగా అనుకుంటారు. మీరు ఈసారి సముద్రం ఒడ్డున ఇంకెక్కడికైనా వెళ్తే బాగుంటుంది. ఈ భవంతులన్నీ ఒకటి చూస్తే అన్నీ చూసినట్టే.

మోకాలికి ఆవపిండి కట్టు కట్టి చూడు.

సిబిల్

*

గ్రిమ్స్‌బీ,
15 జూలై

సిబిల్ గారికి,

మీ ఉత్తరం చేరింది. నాకు ఇప్పటికి అర్థమైంది. నేను మీ చోటికి వచ్చి, మీవాళ్ళ ముందు దొంగలా సంచి తెరిచి చూపించి, మీ తల కొట్టేసినట్టు చేశాను. మీకు నన్ను చూస్తే సిగ్గుగా ఉంది. ఉండదా మరి. అది తెలియక బస్సు దగ్గరికి రమ్మని ఇంకా అడిగాను చూడండి.

రూల్ వల్ల మీకు ఇబ్బందిగా ఉంటుంది, సెప్టెంబరు యాత్ర వద్దని టప్లిన్‌కు చెప్పేశాను. క్రిస్మస్‌కు మీరు, జెఫ్రీ గారు ఇక్కడికి రావాలన్న మొహమాటం పెట్టుకోకండి. మీ పనులు మీకు ఉంటాయి.

ఓలివ్

*

స్కార్ల్‌బీ,
2 ఆగస్టు

వదినా,

నన్ను "మీరు" అని రాశావు. ఆ ఉత్తరం వంటింట్లో నిలబడి చదివాను. జెఫ్రీ వచ్చి ఏమైందని అడిగితే ఉల్లిపాయలు అన్నాను. బల్ల మీద ఉల్లిపాయ ఒక్కటీ లేదు.

నీ వల్ల నాకు సిగ్గు కాదు. నువ్వు అలా అనుకునేలా రాసినందుకు నన్ను ఏం చేసినా పాపం లేదు. జరిగింది జరిగినట్టు చెప్తాను, చివరిదాకా చదువు.

యాత్ర వద్దని నువ్వు చెప్పినా టప్లిన్ ఊరుకోలేదు. నేరుగా హాల్‌కు ఫోన్ చేసి, ఓలివ్ ఆడపడుచు విషయంలో ఆ ఒక్క రోజుకు రూల్ సడలించండి, ఆ పిల్ల దానికి కట్టుబడి సొంత వదినను కూడా పలకరించలేదు, అలాంటి వాళ్ళు ఈ రోజుల్లో ఎక్కడున్నారు అని నన్ను ఆకాశానికి ఎత్తేసింది. ఫోన్ ఎత్తింది మిసెస్ హారోబీ.

మంగళవారం తలుపులు తెరవక ముందు మేమంతా వెనక గదిలో టీ తాగుతున్నాము. ఆవిడ అందరి ముందూ ఆ ఫోన్ సంగతి చెప్పి, బంధువులను గుర్తుపట్టకూడదని మనకు రూల్ ఉందట, ఎవరైనా విన్నారా అని అడిగింది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. వదినా, నేనూ నవ్వాను. ఎవరో పొరబడి ఉంటారు అన్నాను. అది రెండోసారి.

అంతటితో పోయేది. కానీ ఆవిడ చక్కెర గిన్నె జరుపుతూ అన్నది, "నేనూ అదే అనుకున్నా. దొరికిపోయి మీ వదిననని చెప్పుకుందట పాపం. అలాంటి మనుషులు ఎంతకైనా తెగిస్తారు."

అలాంటి మనుషులు. మా అమ్మ జ్వరంతో మంచంలో ఉన్నప్పుడు నువ్వు చేపల షెడ్డులో పని చేసి వచ్చి, ఆ చేతులు బాగా కడుక్కుని ఆవిడకు తల దువ్వేదానివి. నేను అప్పటికే పెళ్ళి చేసుకుని ఇటు వచ్చేశాను. ఆ చేతులు గుర్తొచ్చి కప్పు కింద పెట్టేశాను.

"ఆవిడ మా వదినే. మా అన్న భార్య. కొమ్మ తుంచుకోమని ఉత్తరం రాసింది నేనే" అన్నాను.

మొదలుపెట్టాక ఆగలేకపోయాను. నేనూ ఏటా తుంచుతానని చెప్పాను. గోళ్ళ కత్తెర కోటు జేబులో పెట్టుకుని, గాజు ఇంట్లో ఎవరూ లేని వేళ చూసి కత్తిరించి, తడి దూదిలో చుట్టి మా వదినకు పోస్టు చేస్తానని చెప్పాను. తోటమాలే నాకు ఇస్తాడని నీతో అన్నాను కదా, ఎప్పుడూ ఇవ్వలేదు. ఆ రోజు అతను నిన్ను పట్టుకుని నావైపు తిరిగేసరికి, నువ్వు నా మనిషివని ఒప్పుకుంటే తర్వాతి ప్రశ్న నన్నే అడుగుతారని భయం వేసింది. ఆ పక్కనే మిసెస్ హారోబీ. నీ నీలం కోటు, నీ చేతిలో ఆ తడి రుమాలు. నోట్లోంచి వచ్చేసింది. వచ్చేశాక వెనక్కి తీసుకోవడానికి బోలెడంత సమయం ఉంది వదినా. నువ్వు నావైపు చూస్తూ నిలబడ్డావు. నేను తీసుకోలేదు.

మా అన్నది ఓడల వ్యాపారం కాదని, చేపల ఓడలో వలలు లాగేవాడని కూడా చెప్పాను. అది ఎవరూ అడగలేదు.

ఒకావిడ బల్ల మీద ఉన్న తన చేతిసంచి తీసి ఒళ్ళో పెట్టుకుంది. నీ కొట్లో ఆవిడ గుర్తొచ్చింది. మిసెస్ హారోబీ నా కప్పులో టీ పోసి, చక్కెర వేసుకుంటారా అని అడిగింది. నేను చక్కెర వేసుకోనని ఆవిడకు ఆరేళ్ళుగా తెలుసు. అప్పుడు మాత్రం నేల చీలి నన్ను మింగేస్తే బాగుండుననిపించింది. వచ్చే వారం నుంచి కార్లు నిలిపే చోట నిలబడమన్నారు. పసుపు గది ఇంకొకరికి ఇచ్చారు.

దీన్ని ధైర్యం అనుకోకు. ఆవిడ ఆ మాట అనకపోయి ఉంటే నేను నవ్వుతూనే ఆ టీ తాగేసేదాన్ని. ఆ రూల్ లేదు, ఎప్పుడూ లేదు. నువ్వు నమ్మి రాసిన అబద్ధాన్ని నేను దుప్పటిలా కప్పుకుని పడుకున్నాను. నీ పూల వంతు పోయిందని చదివి కూడా ఆవపిండి కట్టు కట్టుకోమని రాశాను.

పద్దెనిమిదిన ఆదివారం మీ చర్చికి వస్తాను. ప్రార్థన అయ్యాక టీ దగ్గర అందరి ముందూ చెప్తాను. రావచ్చో లేదో రాయి. వద్దంటే రాను.

సిబిల్

*

గ్రిమ్స్‌బీ,
7 ఆగస్టు

సిబిల్,

నీ ఉత్తరం ఉదయం వచ్చింది. సాయంత్రం దాకా జవాబు రాయలేదు. కోపం వచ్చింది, తర్వాత ఏడుపు వచ్చింది, తర్వాత ఆకలి వేసింది. చేప వేయించుకుని తిని రాస్తున్నాను.

నేను ఆ రూల్‌ను నమ్మానని రాశావు. లేదమ్మాయ్. అది నేను అల్లిందే. నువ్వు ఆ మాట అన్నప్పుడు నీ మొహం చూశాను. దానిలో రూలేమీ లేదు. నిన్ను కాపాడటానికి అల్లాననీ అనుకోకు, నాకంత మంచితనం లేదు. బస్సు నిండా ఆడవాళ్ళు నావైపు చూస్తున్నారు. దొంగ అన్నా ఓర్చుకోగలను, ఒక చెట్టు కొమ్మే కదా. కానీ క్లిఫ్ చెల్లెలు నేనెవరో తెలియదన్నదని వాళ్ళకు అర్థమైతే నాకు తలెత్తుకునే దారి లేదు. నీ పరువు కోసం కాదు, నా పరువు కోసం అల్లాను. నువ్వు దాన్ని పట్టుకుని అవును వదినా అని రాసినప్పుడు, కనీసం సిగ్గు పడుతుందేమో, ఇంకో ఉత్తరంలో ఒప్పుకుంటుందేమో అని చూశాను. తెర రంగు గురించి రాశావు. పోయిన నెల నీకు మీరు అని రాసింది కావాలనే. నీకు తగలాలనే. నీకు నన్ను చూస్తే సిగ్గు అని రాసినప్పుడు మాత్రం నిజంగానే అలా అనుకున్నాను. అది అబద్ధమని తెలిశాక కొంచెం గాలి పీల్చుకున్నాను.

క్షమించానని రాద్దామనుకున్నాను. రాయలేకపోయాను. నువ్వు ఆ టీ బల్ల దగ్గర చెప్పినదాన్ని చదువుతూ ఒకసారి సంతోషపడ్డాను, మళ్ళీ ఆ నవ్వు దగ్గరికి వచ్చి ఆగిపోయాను. అదింకా గుచ్చుకుంటోంది.

పద్దెనిమిదిన రా. కొమ్మ సంగతి టప్లిన్‌కూ వాళ్ళకూ చెప్పు, అది నాకు కావాలి. పూల వంతు ఇస్తారో లేదో వాళ్ళిష్టం. కానీ ఒకటి తెలిసి రా. మాకు కొత్త పాస్టరు వచ్చాడు, చిన్నవాడు. ప్రార్థన అయ్యాక గుమ్మం దగ్గర నిలబడి అందరికీ చెయ్యి కలుపుతాడు. నిన్ను ఎరగడు. నా పక్కన నిన్ను చూసి, ఈవిడెవరు ఓలివ్ అని తప్పకుండా అడుగుతాడు. నలుగురూ వింటూ ఉంటారు. అప్పుడు నేను ఏమంటానో ఇప్పుడైతే నాకే తెలియదు. నిజం చెప్తున్నాను. ఆ గుమ్మం దాకా ఆ భయంతోనే నడిచి రావాలి నువ్వు.

అయినా రా.

ఓలివ్